లేని గింజ కనబడిందన్నాడు

నా చిన్నప్పుడు, ఎనిమిదో ఏట, మా తాత కోసం నేను కావాలని ఓడిపోయాను. చింతగింజల ఆట అది. ఐదు గింజలకు ఐదూ ఓడాను. మా తాత ముఖం అంతగా వెలగడం నేను అంతకుముందు చూడలేదు. మంచిపని చేశాననుకుని గంతులేస్తూ బడికి పోయాను. ఆ మంచిపని ఆయనకు ఎంత చెరుపు చేసిందో తెలియడానికి ఒక వానాకాలం పట్టింది.

ఆ వానాకాలం తర్వాత ఈ సంగతి యాభై ఏళ్లకు పైగా ఎవరికీ చెప్పలేదు. ఈ ఏడాది దోహాలో, ఒక శుక్రవారం మధ్యాహ్నం, మా చెల్లెలి కొడుకుకు చెప్పాల్సి వచ్చింది. ప్రేమగా చెప్పలేదు. కోపంతో, విసుగుతో చెప్పాను. ఆ విసుగు ఇప్పటికీ పోలేదు.

ముందు ఆట గురించి చెప్పాలి. మా తాత ఊరి నీరటి. చెరువు తూము తెరవడం, మూయడం, ఎవరి మడికి ఎంతసేపు నీళ్లు పారాలో చూసి మళ్లించడం ఆయన పని. మధ్యాహ్నం అన్నం తిన్నాక నన్ను అరుగు మీద ఎదురుగా, మోకాలికి మోకాలు తగిలేంత దగ్గరగా కూర్చోబెట్టుకునేవాడు. ఇద్దరం చెరో కన్ను అరచేత్తో మూసుకోవాలి. నేను ఆయన ముక్కు మీదనుంచి, ఆయన నా ముక్కు మీదనుంచి చూపు తిప్పకూడదు. ఆయన రెండో చేతిలో చింతగింజ పట్టుకుని, చెయ్యి బారచాపి, పక్కనుంచి మెల్లగా మా ఇద్దరి మధ్యకు తెచ్చేవాడు. గింజ ముందు ఎవరికి కనబడితే వాళ్లు ‘నాది’ అనాలి. గింజ వాళ్లదే.

ఎప్పుడూ నేనే గెలిచేవాణ్ణి. చెయ్యి ఇంకా ఆయన చెవి దాటి ముందుకు రాకముందే ‘నాది’ అని అరిచేవాణ్ణి. నా జేబులు చింతగింజలతో నిండేవి. మా తాత నవ్వుతూనే ఉండేవాడు. అయితే నవ్వేముందు ఆయన చెయ్యి ఎక్కడ ఆగిందో ఒకసారి తలతిప్పి చూసుకునేవాడు. అది ఆటలో భాగమనుకున్నాను. పిల్లవాడి కన్ను ఎంతవరకు చూస్తుంది, తన కన్ను ఎంతవరకు చూస్తుంది అని ఆయన రోజూ కొలుచుకుంటున్నాడని నాకేం తెలుసు.

కళ్లు తగ్గుతున్నాయని ఆయన ఎవరికీ చెప్పలేదు. నీరటికి చూపు తగ్గిందని తెలిస్తే ఊరు ఇంకొకరికి ఆ పని ఇస్తుంది. పొరుగూరి నుంచి ఎవరో ఇచ్చిన ఆకు పసరు చాటుగా కళ్లలో పిండుకునేవాడు. పక్కింటి అక్క ఒక్కతే అది చూసింది. పదో తరగతి చదివిన మనిషి. పట్నం బడిలో కంటి డాక్టర్లు క్యాంపు పెడుతున్నారని తెలుసుకుని తాత పేరు రాయించింది. తాత సరేనన్నాడు. ఆ క్యాంపుకు రెండు రోజుల ముందే నాకు జాలి పుట్టింది. ముసలాయన ఎప్పుడూ ఓడిపోతున్నాడు, ఈ ఒక్కరోజు గెలవనిద్దాం అనుకున్నాను. గింజ కనబడుతూనే ఉంది, నోరు మూసుకుని కూర్చున్నాను. గింజ దాదాపు నా ముక్కు ముందుకు వచ్చాక ఆయన ‘నాది’ అన్నాడు. ఐదుసార్లు.

క్యాంపు రోజు పక్కింటి అక్క వచ్చి పిలిస్తే మా తాత మంచం మీదనుంచి లేవలేదు. “పోరడే నా చేతిల ఓడిపోయిండు. పసరు పనిజేసింది బిడ్డా. ఇంక నాకేం క్యాంపు?” అన్నాడు. నేను అక్కడే ఉన్నాను. నోరు విప్పలేదు.

ఇక దోహా సంగతి. ఒక తెలుగు దినపత్రిక జిల్లా డెస్కులో చాలా ఏళ్లు పనిచేసి, ఆ డెస్కు మూతపడ్డాక ఇక్కడికి వచ్చాను. ఫరీజ్ బిన్ మహమూద్ అనే పేటలో ఒక టైపింగ్ సెంటర్‌లో అర్జీలు, కాగితాలు రాసిపెడతాను. మా చెల్లెలి కొడుకు నగరం బయట బిర్కత్ అల్ అవామిర్‌లో ఒక గోదాములో ఫోర్క్‌లిఫ్ట్ నడుపుతాడు. వయసు ముప్పై నాలుగు. రెండేళ్ల కింద కుడిపక్క ఉన్న ఇనుప ర్యాకు మూలకు బండి రెండుసార్లు తగిలించాడు. కళ్లద్దాలు కావాలేమోనని క్లినిక్‌కు పోతే వాళ్లు పెద్ద కంటి దవాఖానకు పంపారు. అక్కడ రెండు కళ్లలోనూ నీటికాసులు, అంటే గ్లకోమా, అని తేలింది.

ఆ రోగం దొంగలాంటిదని చాలామంది అంటారు. నాకు ఆ పోలిక నచ్చదు. దొంగ వస్తే కుక్కైనా మొరుగుతుంది. కంట్లో ఊరే నీరు బయటికి పోయే దారి సరిగ్గా పనిచేయక లోపల ఒత్తిడి పెరుగుతుంది. ఆ ఒత్తిడికి కంటి వెనక నరం కొంచెం కొంచెం చచ్చిపోతుంది. నొప్పి ఉండదు, ఎరుపు ఉండదు. మావాడు గోడ మీది అక్షరాల పలక చివరి వరుస దాకా గడగడా చదివేస్తాడు. పోయేది పక్కచూపు. పోయింది తిరిగి రాదు. మిగిలింది నిలుపుకోవడానికే రోజూ సాయంత్రం చుక్కల మందు వేయాలి. ఈ మాట డాక్టర్ చెప్పాడు, నర్సు చెప్పింది, నేను చెప్పాను. గల్ఫ్ అంతా దుబాయే అనుకునే మా చెల్లెలు ఊరినుంచి ఫోన్‌లో, “దుబాయ్‌ల అంత పెద్ద దవాఖాన్లు ఉన్నయ్ గద అన్నా, కొత్త కన్ను ఎయ్యరా?” అని అడుగుతూనే ఉంది.

మూడు నెలలకోసారి నేను వాడితో దవాఖానకు పోయేవాణ్ణి. డాక్టర్ సూడాన్ మనిషి, పెద్దాయన, తక్కువ మాట్లాడతాడు. నర్సు మన హైదరాబాద్ పాతబస్తీ అమ్మాయి. డాక్టర్ ఇంగ్లిష్‌ను తెలుగులోకి, మావాడి తెలుగును ఇంగ్లిష్‌లోకి తిప్పేది ఆమే. ప్రతిసారీ నీలం దీపం కంటికి ఆనించి ఒత్తిడి చూసేవారు. ప్రతిసారీ బాగుండేది. మావాడు కుర్చీలోనుంచి లేచి, ఏ ఇబ్బందీ లేదని అరబ్బీలో, “మాఫీ ముష్కిల్ డాక్టర్, ఆల్ గుడ్” అనేవాడు. బయటికి వచ్చాక నాతో, “ఏం గాలె మామా. అన్ని అక్షరాలు సదివిన. ఫుల్ పాస్” అనేవాడు.

“పాసేందిరా, నువ్వు పరీక్ష రాయనీకి వచ్చినవా?” అని ఒకసారి విసుక్కున్నాను. ఆ ప్రశ్నలోనే జవాబు ఉందని అప్పుడు నాకు తట్టలేదు. ఇన్నేళ్లు వార్తలు దిద్దినవాణ్ణి, ఆ ఒక్క మాట దగ్గర ఆగి ఉండాల్సింది.

పోయిన మూడుసార్లుగా డాక్టర్ ముఖం మారుతూ వచ్చింది. ఒత్తిడి బాగుంది, నరం మాత్రం పలచబడుతోంది. పక్కచూపు కూడా పోతోంది. రెండూ పొసగడం లేదు. చివరికి ఆయన కాగితం పక్కన పెట్టి, తన కణత మీద వేలు ఆనించి చెప్పాడు. కంటి గుంతలో, గుడ్డు వెనక, గడ్డ ఏదైనా పెరిగి నరాన్ని నొక్కుతూ ఉండవచ్చు. స్కానింగ్ చేయాలి. గడ్డ ఉంటే, అది ఉన్నచోటును బట్టి, పక్క ఎముక తెరిచి తీయాల్సి రావచ్చు.

నర్సు తెలుగులో చెప్పడం అయ్యేలోగానే మావాడు నావైపు తిరిగాడు. “గడ్డంటె క్యాన్సరేనా మామా?” అన్నాడు.

వాడు స్కానింగ్ తేదీ తీసుకోవడానికి పోయినప్పుడు నర్సు నన్ను పక్కకు పిలిచింది.

“చాచా, ఒక మాట. పక్కచూపు మెషిన్ ఉంది కదా, లైట్ చుక్క కనబడితే బటన్ నొక్కాలె. అది మధ్యమధ్యల లైటే వెయ్యకుండ ఊరుకుంటది. ఎందుకంటె, మనిషి నిజం చెప్తుండా లేదా చూడనీకి. మీవాడు లైట్ లేనప్పుడు గూడ నొక్కుతుండు. రెండుసార్లు చేసినం టెస్ట్. రెండుసార్లు అట్లనే.”

నాకు మా తాత గుర్తొచ్చాడు. ఎందుకో చెప్పాలంటే మళ్లీ ఊరికి పోవాలి.

క్యాంపుకు పోకుండా ఉండిపోయిన ఆ ఏడాది వానాకాలంలో మా తాత చెరువు కట్ట మీద నడుస్తుంటే పక్కనుంచి ఒక బర్రె వచ్చింది. పట్టపగలు. అందరికీ కనబడిన బర్రె ఆయనకు కనబడలేదు. అది తగిలి కట్ట రాళ్ల మీద పడ్డాడు, మణికట్టు విరిగింది. ఇంట్లో కట్టు కడుతుంటే ఆయన నొప్పి గురించి మాట్లాడలేదు. “పోరని కన్న మంచిగ కనబడ్డది గద నాకు. ఏమైంది మల్ల?” అని అదే మాట పదిసార్లు అనుకున్నాడు. నేను ఏడుస్తూ చెప్పేశాను. గింజ నాకు ముందే కనబడిందని, కావాలనే ఊరుకున్నానని.

ఆయన తిట్టలేదు, కొట్టలేదు. బాగున్న చేత్తో నన్ను దగ్గరికి తీసుకున్నాడు. “గెలిచినోడు గెలిచిన అనాలె బిడ్డా. నువ్వు ఓడినట్టు జేస్తే నాకేం దెలుస్తది?” అన్నాడు. అంతే. చెయ్యి అతుక్కున్నాక ఆట మళ్లీ మొదలుపెట్టాడు, ఒక మార్పుతో. అప్పుడప్పుడు గింజ పట్టిన చెయ్యి అసలు బయటికే తీసేవాడు కాదు. వీపు వెనకే దాచుకుని, నా ముక్కు మీదనే చూస్తూ కూర్చునేవాడు. నేను తొందరపడి ‘నాది’ అంటే నవ్వేవాడు. నన్ను పరీక్షిస్తున్నాడని కోపం వచ్చేది. దవాఖానలో పెట్టిన ఆ యంత్రం చేసే పనీ అదేనని ఇన్నేళ్లకు నర్సు నోట విన్నాను.

ఆ శుక్రవారం బిర్కత్ అల్ అవామిర్ బస్సు ఎక్కాను. కంపెనీ కూలీల క్యాంపు అది, వాడి గదిలో ఆరుగురు. వంట చేసే జగిత్యాల తమ్ముడు నాకు మంచినీళ్లు ఇవ్వడానికి ఫ్రిజ్ తెరిచాడు. “మీ అల్లునికి ఒక అర మొత్తం ఇచ్చినమన్నా. మా పెరుగు కన్న ఆయన మందులకే ఎక్కువ జాగ గావాలె” అని నవ్వాడు. వంగి చూశాను. చుక్కల మందు డబ్బాలు, నెలకొకటి చొప్పున దవాఖాన ఇచ్చినవి, ఇటికల్లా పేర్చి ఉన్నాయి. ఒక్కటి తప్ప దేనికీ సీలు తీయలేదు.

“ఎక్‌స్ట్రా ఇచ్చిన్రు మామా” అన్నాడు మావాడు.

నేను వాదించలేదు. పళ్లెంలో ఖర్జూరాలు ఉన్నాయి. ఒకటి తిని గింజ తుడిచి పట్టుకున్నాను. వాణ్ణి మంచం మీద నా ఎదురుగా కూర్చోబెట్టి ఆట చెప్పాను. వాడికి నవ్వొచ్చింది. “ఈ వయసుల ఏం ఆటలు మామా” అంటూనే కుడికన్ను తెరిచి, ఎడమకన్ను మూశాడు. మొదటి రెండుసార్లు గింజ నాకు కనబడిన చాలాసేపటికి గాని వాడికి కనబడలేదు. అరవై దాటిన నా కంటికి, ముప్పై నాలుగేళ్ల వాడి కంటికి మధ్య జానెడు తేడా. మూడోసారికి వాడికి ఆట అర్థమైంది. నా భుజం కదలగానే, “కనబడ్డది” అనడం మొదలుపెట్టాడు.

ఐదోసారి నేను గింజ పట్టిన చెయ్యి వీపు వెనకే ఉంచాను. వాడి ముక్కు మీదనే చూస్తూ కూర్చున్నాను.

“కనబడ్డది మామా.”

“ఎక్కడ?”

“గదే, పక్కకు.”

చెయ్యి ముందుకు తీసి చూపించాను. వంట తమ్ముడు గరిటె పట్టుకునే నిలబడిపోయాడు. మావాడు తలవంచుకున్నాడు. వాడంతట వాడే చెప్పాడు.

“అపాయింట్‌మెంట్‌కు నాలుగు దినాల ముందుకెల్లి ఏస్త మామా. టైం తప్పకుంట ఏస్త.”

“మిగిలిన దినాలు?”

“ఎయ్య. ఏస్తె కండ్లు ఎర్రగైతయ్. సూపర్‌వైజర్ సూస్తే అడుగుతడు. కన్ను బాగలేదని తెలిస్తే బండి మీదికెల్లి దింపుతరు.”

“మరి ఆ నాలుగు దినాలు ఎందుకేస్తవ్?”

నన్ను వింతగా చూశాడు, ఇంత చిన్న విషయం తెలియదా అన్నట్టు. “మెడికల్ గద మామా. పాస్ గావాలె గద.”

వాడి జీవితంలో డాక్టర్ ముందు నిలబడిన ప్రతిసారీ అది మెడికలే. వీసాకు ముందు ఒకటి, ఇక్కడ దిగినాక ఒకటి. ఊళ్లో అందరూ చేసేదే వాడూ చేశాడు. బీపీ ఉన్నవాడు వారం ముందునుంచి ఉప్పు మానేస్తాడు. షుగర్ ఉన్నవాడు పస్తులుంటాడు. ఫిట్ అని రాయించుకుని బయటపడితే గెలిచినట్టు. అన్‌ఫిట్ అన్న ఒక్క మాట మీద ఎన్ని ఇళ్లు కూలాయో నేనూ చూశాను. కాని ఇది దవాఖాన, మెడికల్ సెంటర్ కాదు, ఇక్కడ అబద్ధం చెప్పి గెలిస్తే పోయేది నీ కన్నేనని వాడికి ఎవరు చెప్పాలి? నేనే చెప్పాలి. రెండేళ్లు పక్కన కూర్చుని నేను చెప్పలేదు. నాకు తట్టలేదు.

“నీ కంట్ల లేని గడ్డ కోసం ఆ ముసలాయన ఎతుకుతున్నడురా. ఎందుకంటె నువ్వు చూపించే లెక్క తప్పు” అన్నాను.

వాడి ముఖం విప్పారింది. “అయితే గడ్డ లేనట్టేనా మామా?”

నాకు ఆ క్షణంలో వచ్చినంత కోపం ఎప్పుడూ రాలేదు. కుడికన్ను సగం పోయింది, వాడు గడ్డ లేదని సంతోషపడుతున్నాడు. అప్పుడే తాత కథ మొత్తం చెప్పాను. నేను ఓడిన ఐదు గింజలు, ఆయన పోని క్యాంపు, కట్ట మీది బర్రె. వాడు చివరిదాకా విని, మెల్లగా అన్నాడు.

“గట్లయితే ముత్తాతను నువ్వే ఖరాబు జేసినవన్నట్టు.”

“ఔ” అన్నాను. వాడు ఫ్రిజ్ దగ్గరికి పోయి డబ్బాలన్నీ ఒక సంచిలో వేసుకున్నాడు.

ఆదివారం ఆ సంచితోనే డాక్టర్ ముందు కూర్చున్నాం. ఈసారి నాలుగు రోజుల మందు లేదు. వాడు చెప్పిందంతా నర్సు విని, డాక్టర్‌కు చెప్పేముందు వాణ్ణి చూసింది. “అరే భాయ్, ఇన్ని దినాలు మమ్మల్ని బేవకూఫ్ చేసినవ్ గద. ఫిట్, అన్‌ఫిట్ రాసేది ఇక్కడ కాదు. ఇది దవాఖాన” అంది. డాక్టర్ కళ్లద్దాలు తీసి బల్లమీద పెట్టాడు. ఒత్తిడి చూశాడు. ఎప్పుడూ చూపించేదానికి రెండింతలకు పైనే ఉంది.

అయినా స్కానింగ్ మానవద్దన్నాడు. ఒకసారి మోసపోయిన మనిషి, ఈసారి చూసి తెలుసుకుంటానన్నాడు. చేశారు. గడ్డ లేదు. కాని కుడికన్ను నరంలో మిగిలింది తక్కువ, ఇక చుక్కలను నమ్ముకుని కూర్చోలేనని ఆపరేషన్‌కు తేదీ ఇచ్చాడు. పై రెప్ప కింద, తెల్లగుడ్డు మీద, లోపలి నీరు కొంచెం కొంచెంగా బయటికి పోవడానికి చిన్న దారి చేసి, దానిమీద పలచటి పొర కప్పారు. గంట పట్టింది. నీటిని ఎంత వదలాలో అంతే వదలాలి, ఎక్కువైనా కన్ను చెడుతుందని నర్సు చెబుతుంటే నాకు తూము దగ్గర వంగిన మా తాత కనబడ్డాడు.

ఆ తర్వాత వాణ్ణి మూడు వారాలు నా గదిలోనే ఉంచుకున్నాను. దుమ్ము తగలకూడదు, బరువు ఎత్తకూడదు, వంగకూడదు. మందు నా చేత్తోనే వేశాను. మూడో రోజు పట్టీ తీసినప్పుడు వాడు అడిగిన మొదటి మాట, “మామా, పక్కకు ఎప్పుడు కనబడ్తది?” పోయింది రాదని రెండేళ్లుగా ముగ్గురం చెబుతూనే ఉన్నాం. గోడకు చెప్పినా బాగుండేది. మళ్లీ చెప్పాను. “సరే” అన్నాడు. నమ్మినట్టు లేడు.

ఇప్పుడు మళ్లీ క్యాంపులో ఉన్నాడు. దవాఖాన ఇచ్చిన కాగితం చూసి కంపెనీ గోదాము గేటు దగ్గర చీటీలు చూసే డ్యూటీ ఇచ్చింది. ఫోర్క్‌లిఫ్ట్ మీద మళ్లీ కూర్చోనిస్తారా, ఎన్నాళ్లు ఉంచుకుంటారు, ఎవరూ చెప్పలేదు. వాడు భయపడింది ఉత్త భయం కాదు, అది నేను ఒప్పుకోవాలి.

మా తాత ఇంకో నాలుగేళ్లు బతికాడు. చివరి ఏడాది నా ముక్కు కూడా ఆయనకు కనబడేది కాదు, వేలితో తడిమి చూసేవాడు. ఆ క్యాంపుకు పోయి ఉంటే చూపు నిలిచేదా? ఆ డాక్టర్లు శుక్లాల పొరలు తీయడానికే వచ్చారో, నీటికాసులు కూడా చూసేవారో నాకు తెలియదు. చెప్పగలిగిన పక్కింటి అక్క ఇప్పుడు లేదు. ‘నాకేం దెలుస్తది’ అన్న తాత మాట ఒకటి నాతో ఉంది. దానివల్ల ఎవరైనా ‘మంచిగున్న’ అంటే వినేసి ఊరుకోలేను, ఇంకో ప్రశ్న అడుగుతాను. డెస్కులో ఉన్నన్నాళ్లు అది పనికొచ్చింది. ఇంట్లోవాళ్లకు అది చిరాకు.

ఎడమకన్నుకు ఇంకా ఆపరేషన్ తేదీ ఇవ్వలేదు. అప్పటిదాకా దానికి చుక్కలే దిక్కు. రోజూ సాయంత్రం ఫోన్ చేసి, వేసుకున్నావా అని అడుగుతాను. “ఏసుకున్న మామా” అంటాడు. నిన్న కూడా అన్నాడు. ఫోన్‌లో వాడి చేతులు నాకు కనబడవు.